బేతవోలు పోయి జగ్గయ్యపేట ఎలా వచ్చింది?

ప్రశ్న: నమస్తే సార్. మాది జగ్గయ్యపేట, హైదరాబాద్‌లో జాబ్. ఊరి పేరు చెప్తే చాలు ఆఫీసులో "ఓహో, సినిమా జగ్గయ్య గారి ఊరా" అంటారు. మా తాతయ్యేమో వెనకటికి దీన్ని బేతవోలు అనేవాళ్లురా అని చెప్పేవాడు. అసలీ జగ్గయ్య ఎవరు? ఇంకోటి, ఊరి పక్క గుట్టని ధనం బోడు అంటారు కదా, నిజంగా అక్కడ ధనం దొరికిందా?
— ఒక పాఠకుడు

జవాబు: ముందు సినిమా జగ్గయ్య గారి సంగతి తేల్చేద్దాం. కొంగర జగ్గయ్య గారు తెనాలి వైపు మనిషి, పుట్టింది 1928లో, 1967లో ఒంగోలు నుంచి ఎంపీ కూడా అయ్యారు. ఆయన పుట్టేసరికే మీ ఊరికి ఆ పేరు పెట్టి వందేళ్లు దాటిపోయింది, కాబట్టి ఈసారి ఎవరన్నా అడిగితే ఆయనకీ మా ఊరికీ పేరొక్కటే కలిసిందని చెప్పేయండి.

మీ ఊరి జగ్గయ్య వాసిరెడ్డి జగ్గయ్య. ఆయన కొడుకే రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు, 1816లో చనిపోయిన జమీందారు, తన పాత రాజధాని చింతపల్లి వదిలేసి కృష్ణ ఒడ్డున ఇప్పటి అమరావతి ఊరు కట్టించుకున్నది ఈయనే. బేతవోలుని పెంచి అక్కడ పేట కట్టించి దానికి నాన్న పేరు పెట్టాడు, అమ్మ అచ్చమ్మ పేరు మీద అవతల గుంటూరు వైపు అచ్చంపేట ఉంది. పేట అంటే ఊరికే ఊరు కాదు, అంగళ్లూ బేరాలూ ఉండే చోటు. అటు చూస్తే నైజాం, ఇటు చూస్తే కంపెనీ వాళ్ల రాజ్యం, మధ్యలో మీ ఊరు, బేరాలకి ఇంతకంటే మంచి చోటేముంటుంది చెప్పండి. ఇప్పుడు కూడా అంతేగా, గరికపాడు చెక్‌పోస్ట్ దాటితే తెలంగాణ, కాసేపట్లో కోదాడ.

తాతయ్య చెప్పింది కరెక్టే. బేతవోలులో వోలు అంటే ప్రోలు, అంటే పట్నం, నిరవద్యప్రోలు అరిగి అరిగి నిడదవోలు అయినట్టే ఇది కూడా బేత అనే మనిషి పేరు మీద వచ్చిన ప్రోలు అయ్యుండొచ్చు. కాకతీయుల్లో బేతరాజులు ఉన్నారు కదా అని వెంటనే వాళ్లకి ముడిపెట్టేయకండి, ఆ రోజుల్లో బేత అనేది చాలామంది పెట్టుకున్న పేరే.

కానీ అసలు మజా ఏంటంటే బేతవోలు కూడా మొదటి పేరు కాదు! 1882లో బర్జెస్ అనే పురావస్తు పరిశోధకుడు మీ ధనం బోడు మీద తవ్వితే బౌద్ధ స్తూపం బయటపడింది. అక్కడి స్తంభాల మీద ప్రాకృతంలో ఒకటే శాసనం మూడుసార్లు చెక్కించి ఉంది, ఇక్ష్వాకు వంశపు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏడు, అంటే క్రీస్తు తర్వాత మూడో శతాబ్దం అనుకోండి. చెక్కించింది రాజూ కాదు మంత్రీ కాదు, సిద్ధార్థుడనే చేతిపనివాడు, వాళ్ల నాన్న నాగచంద్రుడు కూడా అదే పని. వెలగిరి అనే గ్రామంలో ఉన్న బుద్ధుడి మహాచైత్యానికి, అంటే పెద్ద స్తూపానికి, తూర్పు వాకిట్లో ఐదు ఆయక స్తంభాలు (స్తూపం వాకిట అరుగు మీద వరసగా నిలిపేవి) నిలబెట్టానని రాయించుకున్నాడు, అదీ ఒక్కడి పేరుతో కాదు, అమ్మ, భార్య, కొడుకు, కూతురు, తమ్ముడు, అందర్నీ వరసగా కలుపుకుని. ఇప్పుడు గుడికి ఫ్యాన్ ఇచ్చి రెక్కల మీద ఇంటిల్లిపాది పేర్లూ రాయించుకుంటారే, అచ్చం అలాగే. అందుకని చేతికి దొరికినంతవరకు మీ ఊరి పాత పేరు వెలగిరి.

ఇక ధనం. బంగారు బిందెలు దొరికాయని ఎవరన్నా చెప్తే నమ్మకండి, కానీ డబ్బుల వాన మాత్రం దొరికింది, రాతి మీద. ఆ స్తూపం పలకల్లో ఒకదాని మీద మాంధాత చక్రవర్తి నిలబడి చెయ్యి పైకెత్తుతాడు, పైన మబ్బుల్లోంచి నాణేలు రాలతాయి, గుండ్రటివి కాదు, నలుపలకల నాణేలు, ఆ కాలంలో చలామణీలో ఉన్న రకం. చుట్టూ రాణి, ఏనుగు, గుర్రం, చక్రం. క్రీస్తుకి ముందటి పని అంటారు. జాతక కథలో ఆయన అంత వాన కురిపించుకుని కూడా చాలక స్వర్గానికి పోయి ఇంద్రుడి గద్దె మొత్తం నాకే కావాలని ఆశపడి కింద పడతాడు. ఈ బొమ్మ చూసే జనం గుట్టకి ధనం బోడు అని పేరు పెట్టారని నేను అనను, కాకపోతే కలిసొచ్చిన తీరు చూస్తే నవ్వొస్తుంది.

ఆ పలక ఇప్పుడు మీ ఊళ్లో లేదు, చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉంది, అటు వెళ్తే అమరావతి శిల్పాల దగ్గరే చూసి రండి. ఇంట్లో తాతయ్య నాటి దస్తావేజులు ఉంటే అందులో ఊరి పేరు బేతవోలు అని ఉందా, జగ్గయ్యపేట అని ఉందా చూసి మాకో ముక్క రాయండి.