చీటీలో ఒకటి, మైకులో ఇంకొకటి అయితే?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మిర్యాలగూడకు ఇచ్చారు. భర్త తొమ్మిదేళ్లు కొట్టాడు. 2023 నవంబర్‌లో చేయి విరగ్గొడితే, ఆసుపత్రిలో బాత్రూంలో జారిపడ్డానని చెప్పాను. ఆ రాత్రి అక్కకు మాత్రం ఏడుస్తూ వాయిస్ మెసేజ్ పెట్టాను. అప్పటి నుంచి పుట్టింట్లోనే ఉన్నాను. పెద్దమనుషులు నాలుగుసార్లు కూర్చున్నారు, ఏమీ తేలలేదు. కేసు పెట్టలేదు. ఇప్పుడు మహిళా సంఘం మీటింగులో నా కథ చెప్పి, ఆ వీడియో యూట్యూబ్‌లో పెడదామనుకుంటున్నాను. నాలాంటి వాళ్లకు ధైర్యం వస్తుంది. పెట్టొచ్చా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నేను ఆగింది ఒక్క మాట దగ్గరే: ‘జారిపడ్డానని చెప్పాను’. మీ కేసు నిలిచినా పోయినా అక్కడే.

ఓపీ చీటీ మీద డాక్టరు రాసేది మీరు చెప్పిన మాటే. రేపు వీడియోలో భర్త కొట్టాడంటే, అవతలి వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో రెండూ పక్కపక్కన పెట్టి ఏది అబద్ధమని అడుగుతాడు. వీడియోలో కర్ర అని, ఫిర్యాదులో చెయ్యి అని ఉన్నా పట్టుకుంటాడు. గుండె బరువుతో మైకు ముందు నిలబడ్డప్పుడు తేదీలు, వరసలు తప్పుతాయి. అందుకే ఫిర్యాదు కంటే ముందు వీడియో వద్దంటే వద్దు.

ఆ అబద్ధాన్ని దాచకండి. చీటీ రాయించేటప్పుడు పక్కన ఎవరున్నారు, ఏమని బెదిరించారు, అంతా ఫిర్యాదులో మీరే రాయండి. అక్క దగ్గరున్న వాయిస్ మెసేజ్ మీకు పెద్ద సాక్ష్యం. ఆ ఫోను అమ్మొద్దు, మెసేజ్ కత్తిరించొద్దు. కోర్టులో పెట్టేటప్పుడు కొత్త సాక్ష్య చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద, ఫోను రికార్డులకిచ్చే సర్టిఫికెట్ జతచేయాలి. ఎక్స్‌రే ఫిల్ము మీద తేదీ చూసి జాగ్రత్త చేయండి.

నాలుగు పంచాయితీలు జరిగినా ఒక్క కాగితం రాయించుకోకపోవడం మీ తప్పే. పెద్దమనుషులు కూర్చున్నారని చట్టంలో గడువు ఆగదు. సంఘటన కొత్త నేర చట్టం అమల్లోకి వచ్చిన 2024 జూలై 1కి ముందుది కాబట్టి, భర్త క్రూరత్వంపై పాత ఐపీసీలోని 498ఏ సెక్షన్ వర్తిస్తుంది, దానికి మూడేళ్ల గడువు. అంటే 2026 నవంబర్‌లో ఆ తేదీ రాకముందే ఫిర్యాదు పడాలి. తర్వాత కూడా వేధింపు సాగిందని వాదించొచ్చు గానీ ఆ ధీమాతో కూర్చోకండి.

2005 గృహహింస చట్టం కింద 12వ సెక్షన్ దరఖాస్తుకు ఈ గడువు అడ్డురాదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. రక్షణ, నివాసం, ఖర్చులు అడగొచ్చు. మిర్యాలగూడ వెళ్లక్కర్లేదు, పుట్టింటి ఊరు ఏ మేజిస్ట్రేట్ పరిధిలో ఉంటే అక్కడే వేయొచ్చు. దారి తెలియకపోతే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసి, హింసకు గురైన స్త్రీలకు సాయం చేసే సఖి కేంద్రం ఎక్కడుందో అడగండి.

ఇక కథ చెప్పడం. లైంగిక వేధింపు గురించి బయటపెట్టినందుకు మాజీ ఎడిటర్ ఎంజే అక్బర్ జర్నలిస్టు ప్రియా రమణిపై వేసిన పరువు నష్టం కేసులో 2021 ఫిబ్రవరిలో ఢిల్లీ కోర్టు, ఏళ్లు గడిచినా తన బాధను తనకు నచ్చిన వేదిక మీద చెప్పుకునే హక్కు స్త్రీకి ఉందన్నది. నాకు ఎంతో ఇష్టమైన తీర్పు. కానీ ఆ మాట రావడానికి ముందు ఆమె ఆ కేసులో ముద్దాయిగా రెండేళ్లకు పైగా పోరాడింది. మీరు వీడియోలో భర్త పేరు చెబితే, అది నిజమని, లోకహితం కోసమేనని చూపించే భారం మీ మీదే పడుతుంది. అదే మాట సద్భావంతో పోలీసులకు చెబితే చట్టంలోనే మినహాయింపు ఉంది.

ఎఫ్‌ఐఆర్ కాపీ చేతికొచ్చాక సంఘంలో మాట్లాడండి. అతని పేరు, ఇంటి పేరు, పిల్లల ముఖాలు వద్దు. చేయి విరిగి కూడా జారిపడ్డానని ఎందుకు చెప్పాల్సి వచ్చిందో అది చెప్పండి. ఇవాళ ఆసుపత్రి బెంచీ మీద అదే మాట చెప్పబోతున్న ఆడపిల్ల వినాల్సింది ఆ ముక్కే.