పైపు పగిలిన ఇంటి క్లెయిమ్‌కు పబ్లిక్ అడ్జస్టర్ అవసరమా?

నమస్కారమండీ. టెక్సాస్ రాష్ట్రం డల్లాస్‌లోని మీ ఇంట్లో పైపు పగిలి గోడలు తడిస్తే బీమా సంస్థ రంగుల ఖర్చు మాత్రమే ఇస్తానన్నదని, పబ్లిక్ అడ్జస్టర్‌ను, అంటే రుసుము తీసుకొని మీ తరఫున నష్టం లెక్కగట్టి క్లెయిమ్ నడిపే వ్యక్తిని, పెట్టుకోవాలా అని అడిగారు. తొందరపడవద్దు. ముందుగా వారి అంచనా పత్రాన్ని వరుసగా చదివి, గోడ లోపలి ఇన్సులేషన్, బేస్‌బోర్డులు (గోడ అడుగున ఉండే పట్టీలు), ఆరబెట్టే యంత్రాల అద్దె అందులో ఉన్నాయో లేవో చూసి, లేనివాటికి ఫొటోలు, తేమ కొలతలు, కాంట్రాక్టరు కొటేషన్ జతచేసి పునఃపరిశీలన కోరండి.

అప్పటికీ తేడా పెద్దగా ఉంటే అడ్జస్టర్‌కు ఇచ్చే డబ్బు దండగ కాదు. టెక్సాస్ చట్టం ప్రకారం ఆయన రుసుము పరిహారంలో 10 శాతం మించరాదు. సంతకం చేసిన 72 గంటల్లోగా ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. రాష్ట్ర బీమా శాఖ వద్ద ఆయన లైసెన్సును సరిచూసుకొని, సంస్థ ఇప్పటికే ఇస్తానన్న మొత్తం మీద కాక అదనంగా వచ్చినదానిపైనే రుసుము లెక్కించేలా రాయించుకోవడానికి గట్టిగా ప్రయత్నించండి. మరమ్మతు చేసే కాంట్రాక్టరే క్లెయిమ్ కూడా తానే చూస్తానంటే మాత్రం ఒప్పుకోకండి, అక్కడ అది చట్టవిరుద్ధం.