ముందు ఆ ఇనుప పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కో, బిడ్డా

బిడ్డా,

నిన్న ఫోన్లో నీ మాట సగం వినపడింది, సగం కట్టయింది. "కాకా, ఊరికి నెట్ తెప్పిస్తానని సర్పంచ్ ఓట్లప్పుడు మాటిచ్చాను, ఎక్కడ మొదలుపెట్టాలి" అన్నావు, అంతవరకు అర్థమైంది. మళ్ళీ చేస్తే కలవలేదు. అందుకే వాట్సాప్‌లో పొడుగ్గా రాస్తున్నా, సిగ్నల్ దొరికినప్పుడు చదువుకో.

దరఖాస్తు పట్టుకుని హైదరాబాద్ బస్సెక్కకు. ముందు మీ పంచాయతీ ఆఫీసు మూలగది తెరిపించు. పంచాయతీలకు ఫైబర్, అంటే వెలుతురుతో నెట్ మోసే గాజు తీగ, వేసే పనికి కేంద్రం ఒప్పుకుంది 2011లో, దాన్నే తర్వాత భారత్‌నెట్ అన్నారు. మన దగ్గరైతే టీ-ఫైబర్ అనే రాష్ట్ర ప్రభుత్వ నెట్ పథకం కోసం మిషన్ భగీరథ నీళ్ళ పైపుల కందకాల్లోనే గొట్టం కూడా వేశారు, మళ్ళీ తవ్వే ఖర్చు లేకుండా. అందుకని చాలా ఊళ్ళలో తీగ ఆఫీసు గోడదాకా వచ్చి ఆగి ఉంటుంది. అది చూడకుండా "మా ఊరికి నెట్ లేదు" అని వినతిపత్రం ఇచ్చావనుకో, పైవాళ్ళ కంప్యూటర్లో మీ ఊరి ఎదురుగా పని పూర్తయిందని ఉంటే నీ కాగితం అక్కడే ఆగిపోతుంది.

నేను 2019లో సర్పంచ్ అయ్యాక మా గది తెరిపిస్తే ముందు బ్లీచింగ్ పౌడర్ బస్తాలు, విరిగిన కుర్చీలు, వాటి వెనక గోడకు ఆ ఫైబర్ మిషన్ ఉండే ఇనుప పెట్టె. తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు, చివరికి పంచాయతీ లెక్కలు చూసే పాత కారోబార్ ఇంట్లో మేకుకు దొరికింది. లోపల బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది, ప్లగ్ పీకేసి ఉంది. ఎవరు పీకారయ్యా అంటే మా అటెండరే, ఆ సాకెట్‌లో ఫోన్ చార్జింగ్ పెట్టుకోవడానికి! ప్లగ్ పెడితే పచ్చలైటు వెలిగింది, పక్కన ఎల్‌ఓఎస్ అని రాసిన చోట ఎర్రలైటు కొట్టుకోవడం మొదలైంది. ఆ ఎర్రలైటు గుర్తుపెట్టుకో. కరెంటు ఉంది, కానీ బయటి నుంచి తీగలో వెలుతురు రావట్లేదని దానర్థం, అంటే ఎక్కడో తెగింది, లేకపోతే మరీ వంగిపోయింది. "నెట్ వస్తలేదు" అని ఫిర్యాదు చేస్తే రేపు చూస్తామంటారు. "ఎల్‌ఓఎస్ ఎర్రగా కొట్టుకుంటోంది, కరెంటు ఉంది, మా పక్క ఊరికి కూడా రావట్లేదు" అను, టెక్నీషియన్ మిషన్ సర్దుకుని వస్తాడు.

పక్క ఊరి సంగతి ఎందుకు అడగాలంటే, పాత పద్ధతిలో వేసిన తీగ మండలం నుంచి ఒక ఊరి మీదుగా ఇంకో ఊరికి కొమ్మలాగా పోతుంది, నడుమ తెగితే ఆ అవతలున్న ఊళ్ళన్నీ చీకటే. 2023లో రూ.1.39 లక్షల కోట్లతో కేంద్రం ఒప్పుకున్న కొత్త ప్లానులో రింగులాగా వేస్తామన్నారు, ఒకవైపు తెగినా రెండోవైపు నుంచి అందుతుంది. మీ ఊరు రింగులో ఉందా, కొమ్మ చివర ఉందా అనేది జిల్లాలో ఆ పని చూసే ఇంజనీర్‌ను అడిగి రాసుకో.

ఇక నా తప్పు కూడా చెప్తా, నవ్వకు. తంటాలు పడి లైన్ సరిచేయించిన ఆరు నెలలకు డ్రైనేజీ పనికి నేనే సంతకం పెట్టాను, జేసీబీ వచ్చి ఒక్క పూటలో ఆ తీగను రెండు చోట్ల పీకింది. అతికించడానికి స్ప్లైసింగ్ మిషన్ కావాలి, అది మండలంలో ఒక్కటే ఉంది, అది కూడా అప్పుడు వేరే చోట. నెలన్నర! బడి హెడ్‌మాస్టర్ రోజూ నా మొహం వంక చూసేవాడు. ఇప్పుడైతే 'కాల్ బిఫోర్ యు డిగ్' అనే యాప్ ఉంది, 2023 మార్చిలో వచ్చింది, తవ్వే ముందు అందులో చెప్పాలి. యాప్ ఉన్నా లేకున్నా నువ్వు మాత్రం రోడ్డు, మోరీ, పైపులైన్ ఏ పని ఆర్డర్ ఇచ్చినా అందులో ఒక వాక్యం రాయించు: తీగ తెగితే బాగుచేయించే ఖర్చు కాంట్రాక్టరే పెట్టుకోవాలి, చివరి బిల్లులో కోస్తాం అని. బతిమాలడం కన్నా ఇదే పనిచేస్తుంది.

ఇంటింటికీ ఇవ్వడం వేరే లెక్క. పంచాయతీ తానే ఇంటర్నెట్ కంపెనీ పెట్టుకోవాల్సిన పని లేదు, ఆ జోలికి పోకు. మీ ఊళ్ళో కేబుల్ టీవీ నడిపే పిల్లగాడున్నాడు కదా, అతన్ని కూర్చోబెట్టు. తీగలోని ఒక పోగును, వెలుతురును చీల్చి పంచే స్ప్లిటర్ అనే డబ్బీతో 32 ఇళ్ళకు పంచొచ్చు. కానీ కట్టే ఇళ్ళు ఎన్నో తెలియకుండా అతను పెట్టుబడి పెట్టడు. నువ్వు వాడవాడ తిరిగి "ఉచితమా?" అని అడిగేవాళ్ళను పక్కనబెట్టి, నెలకు ఇంత కడతామని సంతకం పెట్టేవాళ్ళ జాబితా తయారుచెయ్. అతని దగ్గర కూడా రెండు మాటలు రాయించుకో. ఫోన్ చేస్తే ఎన్ని గంటల్లో వస్తాడు, బడికి, అంగన్‌వాడీకి ఎంత తగ్గిస్తాడు. స్తంభాలకు తీగ కట్టాలంటే కరెంటోళ్ళ పర్మిషన్ కావాలి, ఆ లెటర్ కోసం నువ్వే వెంటపడు, సర్పంచ్ అడిగితే పని తొందరగా కదులుతుంది. ఇంటికి కనెక్షన్ తీసుకోలేనివాళ్ళకు కిరాణా కొట్టులో పీఎం-వాణి అనే కేంద్ర పథకం కింద అందరూ వాడుకునే వైఫై పెట్టించొచ్చు, దానికి కొట్టువాడు లైసెన్సు తీసుకోనక్కర్లేదు.

డబ్బు సంగతి. నేనున్నప్పుడు 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం నీళ్ళకూ పారిశుద్ధ్యానికే కట్టేసి ఇచ్చేవాళ్ళు, ఇప్పటి లెక్క మీ కార్యదర్శిని అడుగు. మనకు కావాల్సింది పెద్ద మొత్తం కాదులే, బ్యాటరీ, కరెంటు బిల్లు, గదికి ఒక తలుపు. గ్రామసభలో తీర్మానం చేయించి ఏటా వేసే జీపీడీపీ, అంటే పంచాయతీ అభివృద్ధి ప్లానులో ఎక్కించు. నేనున్నప్పుడు చెక్కు మీద ఉపసర్పంచ్ సంతకం కూడా పడాల్సి వచ్చేది, అందుకని అతనితో ఎంత పడకపోయినా ఈ విషయం ముందే చెప్పి ఉంచు. నాలాగా మిత్తికి తెచ్చి మాత్రం పెట్టకు, మీ పిన్ని ఇప్పటికీ దెప్పుతుంది.

ఇంకోటి. ఉపాధి హామీ పని దగ్గర హాజరు ఫోటో అప్‌లోడ్ కావట్లేదని కూలీలు నీ మీదికి వస్తారు. అది టవర్ సమస్య, ఫైబర్‌తో తీరదు. రెండూ కలిపి మాటివ్వకు, విడివిడిగా రాయి, విడివిడిగా అడుగు.

ఆదివారం నేనే వస్తాను. ఆలోపు తాళంచెవి తెప్పించు, దొరక్కపోతే తాళం పగలగొట్టకు, అది మన ఆస్తి కాదు, కార్యదర్శితో లెటర్ పెట్టించి తెరిపించాలి. వచ్చేటప్పుడు నా పాత టెస్టర్ తెస్తా.

నీ కాక