పాత కేసు దాచి వీసా అడగవచ్చా?

ప్రశ్న: నేను ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాను. 1998లో వీధి కుళాయి దగ్గర నీళ్ల విషయమై పొరుగాయనతో తగాదా పడి చెయ్యి చేసుకున్నాను. పోలీసులు అరెస్టు చేసి ఐపీసీ 324 (ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచడం) కింద కేసు పెట్టారు. చివరకు మేజిస్ట్రేటు కోర్టు 323 (మామూలుగా గాయపరచడం) కింద మాత్రమే నేరం రుజువైందని 500 రూపాయల జరిమానా వేస్తే, ఆ రోజే కట్టేశాను. ఇప్పుడు డాలస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వెళ్లాలనుకుంటున్నాను. ఇక్కడి పాత కేసులు అమెరికా వాళ్లకు కనబడవు, దరఖాస్తులో ‘నో’ అని పెట్టేద్దామని ద్వారకానగర్‌లోని ఒక ఏజెంటు అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ‘యెస్’ అనే పెట్టండి. డీఎస్-160 అనే అమెరికా వీసా దరఖాస్తు శిక్ష గురించి మాత్రమే అడగదు; ఎన్నడైనా అరెస్టయ్యారా, నేరం రుజువైందా అని, తరువాత క్షమాభిక్ష వంటిది లభించినా సరే చెప్పమని అడుగుతుంది. ఎన్నేళ్ల కిందటిదన్న పరిమితి లేదు కనుక మీ కుళాయి తగాదా కూడా ఆ ప్రశ్నలోకి వస్తుంది. కేసు కనబడుతుందా లేదా అన్నది ఏజెంటు లెక్క. అబద్ధం బయటపడిన రోజున ఏమవుతుందన్నది మీరు చూసుకోవలసిన లెక్క. వీసా కోసం కీలకమైన విషయాన్ని తెలిసి తెలిసి తప్పుగా చెప్పినవారిని అమెరికా వలస చట్టంలోని 212(ఎ)(6)(సి) సెక్షన్ శాశ్వతంగా అనర్హులను చేస్తుంది. మీ 500 రూపాయల జరిమానాకు అంత శక్తి లేదు.

ఎందుకంటే ఆ చట్టం ముఖ్యంగా పట్టించుకునేది మోసం, దొంగతనం వంటి నైతిక పతనంతో కూడిన నేరాలను. మామూలుగా చెయ్యి చేసుకోవడం సాధారణంగా ఆ కోవలోకి రాదు. వచ్చిందనుకున్నా చిన్న నేరాలకు మినహాయింపు ఉంది: అలాంటి నేరం ఒక్కటే అయి, దానికి చట్టం విధించగల గరిష్ఠ శిక్ష ఏడాదికి మించకుండా, నిజంగా పడిన శిక్ష ఆరు నెలలు దాటకుండా ఉంటే అనర్హత వర్తించదు. 323కు గరిష్ఠ శిక్ష సరిగ్గా ఏడాది, 324కైతే మూడేళ్లు. కాబట్టి 324 అని రాసి ఉన్న ఎఫ్ఐఆర్ ఒక్కటే పట్టుకుని వెళితే మీ కేసు ఉన్నదానికంటే పెద్దదిగా కనబడుతుంది.

మీకు కావలసింది తీర్పు సర్టిఫైడ్ కాపీ. శిక్ష వేసిన కోర్టులోనే కాపీ అప్లికేషన్ పెట్టాలి, సి.సి. నంబరు (కోర్టులో మీ కేసు సంఖ్య), సంవత్సరం తెలిస్తే పని తేలిక. జరిమానా కట్టిన రసీదు ఇంట్లో ఎక్కడైనా ఉందేమో వెతకండి (ఇలాంటివి తరచుగా పాత శుభలేఖల మధ్య దొరుకుతుంటాయి), నంబరు దానిమీదే ఉండవచ్చు. రికార్డు ధ్వంసమైందని కోర్టువారు చెబితే ఆ మాటనే ముద్రతో రాయించుకోండి. తెలుగు కాగితాలకు ఇంగ్లీషు అనువాదం జతచేయండి.

దరఖాస్తులోని వివరణ గడిలో తేదీ, కోర్టు, సెక్షన్, జరిమానా రాస్తే చాలు. కుళాయి దగ్గర తప్పెవరిదో అక్కడ వాదించకండి. దరఖాస్తు నింపడానికి ఎవరు సాయం చేశారన్న ప్రశ్న కూడా అందులో ఉంటుంది, అయితే ఎవరు నింపినా చివర సంతకం కింద లెక్కయ్యే మీట నొక్కవలసింది మీరే.

హైదరాబాద్‌లోని నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ అధికారికి ఈ కేసు కంటే, మీరు తిరిగి వస్తారా అన్న సందేహమే పెద్దది కావచ్చు. అదే వలస చట్టంలోని 214(బి) సెక్షన్ కింద వీసా తిరస్కరించేది ఆ సందేహంతోనే. సొంత ఇల్లు, ఇక్కడున్న కుటుంబం, రాబడి గురించి అడిగితే సూటిగా చెప్పండి.

ప్రశ్న: నా కొట్లాట కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయింది. నేను ‘నో’ అనవచ్చా?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: చట్టప్రకారం రాజీ అయిన కేసు నిర్దోషిగా విడుదలైన కేసుతో సమానం కనుక మీకు నేరం రుజువు కాలేదు. అయితే అప్పట్లో పోలీసులు మిమ్మల్ని అరెస్టు చేసి ఉంటే, స్టేషన్‌లోనే బెయిలిచ్చి పంపినా సరే, జవాబు ‘యెస్’ అవుతుంది. లోక్ అదాలత్ అవార్డు (రాజీ ఉత్తర్వు) కాపీ వెంట ఉంచుకోండి.