తుంటి విరిగిన అమ్మకు నరం బ్లాక్ ఇస్తామంటున్నారు, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 78 ఏళ్లు. నిన్న బాత్రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఎల్లుండి ఆపరేషన్ అన్నారు. గుండెకు స్టెంట్ ఉంది, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ మాత్ర వాడుతోంది. కాస్త కదిపినా అరుస్తోంది. నొప్పి తగ్గడానికి గజ్జల దగ్గర బ్లాక్ (నరాన్ని కొన్ని గంటలు మొద్దుబార్చే ఇంజెక్షన్) ఇస్తామని మత్తు డాక్టర్ చెప్పారు. నరానికి సూది వేస్తే కాలు పడిపోతుందని బంధువులు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఒప్పుకోండి. అసలు ఎల్లుండి దాకా ఎందుకమ్మా, వీలైతే ఈరోజే ఇవ్వమని అడగండి. చాలామంది ఇది ఆపరేషన్‌లో భాగం అనుకుంటారు గానీ దీని అవసరం ఎక్కువగా ఉండేది ఆపరేషన్‌కి ముందే, అంటే ఎక్స్‌రేకి తిప్పాలన్నా, బెడ్‌పాన్ పెట్టాలన్నా, దుప్పటి మార్చాలన్నా ప్రాణం పోయినట్టుండే ఈ గంటల్లోనే.

ముందు మీ భయం సంగతి. సూది నరంలోకి పొడవరు. గజ్జల దగ్గర జెల్ రాసి, అల్ట్రాసౌండ్ తెరమీద నరం, రక్తనాళం, కండరం మీది పొర చూసుకుంటూ ఆ పొర కింద మందు వదులుతారు. మందు పొరను పైకి లేపుకుంటూ పాకడం తెరమీద కనిపిస్తుంది కూడా. ఫేసియా ఇలియాకా బ్లాక్ అంటే ఇదే. 2018 నుంచి పెంగ్ బ్లాక్ అని ఇంకోటి వచ్చింది, అందులో తొడ బలం అంతగా తగ్గదు. ఏది ఇవ్వాలన్నది మీ మత్తు డాక్టర్‌కి ఏది బాగా అలవాటో దాన్ని బట్టి ఉంటుంది, ఫలానాదే కావాలని పట్టుబట్టకండి. అరగంటలో తేడా తెలుస్తుంది. తొడ కొన్ని గంటలు మొద్దుబారి, పట్టు తప్పినట్టుంటుంది, బంధువులు చూసి 'కాలు పడిపోయింది' అనేది బహుశా దీన్నే. మందు దిగగానే అదీ పోతుంది. శాశ్వతంగా నరం దెబ్బతినడం చాలా అరుదు.

మాత్రలతో సరిపెట్టొచ్చు కదా అంటారేమో. డైక్లోఫెనాక్ లాంటివి ఈ వయసులో కిడ్నీలకు మంచివి కావు, పైగా క్లోపిడోగ్రెల్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం భయం. ట్రమడాల్, మార్ఫిన్ ఎక్కువైతే వాంతులు, మలబద్ధకం, మగత. ఇక నొప్పిని అలాగే వదిలేస్తే పెద్దవాళ్లు రాత్రిళ్లు పొంతన లేకుండా మాట్లాడతారు, సెలైన్ పీకేసుకుంటారు, సొంత కూతుర్నే ఎవరు నువ్వంటారు. 2020లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ తుంటి ఫ్రాక్చర్లలో బ్లాకుల మీద 49 అధ్యయనాలను కలిపి చూస్తే, కదిపినప్పుడు నొప్పి, ఈ మతిభ్రమ రెండూ తగ్గాయి, ఛాతీ ఇన్‌ఫెక్షన్లు కూడా బహుశా తగ్గుతాయని తేలింది. పారాసిటమాల్ మాత్రం బ్లాక్ ఇచ్చినా వేళకు ఇవ్వాల్సిందే, ఎందుకంటే తుంటికి వెనకవైపు నుంచి వచ్చే నరాలు దీనికి అందవు, కొంత నొప్పి మిగులుతుంది.

క్లోపిడోగ్రెల్ ఉన్నవాళ్లకు వెన్నులో మత్తు ఇవ్వాలంటే మామూలుగా 5 నుంచి 7 రోజులు ఆగాలి. అన్నాళ్లు ఆపరేషన్ ఆపితే అసలుకే మోసం కాబట్టి చాలాసార్లు పూర్తి మత్తు ఇచ్చేస్తారు. ఫేసియా ఇలియాకా బ్లాక్ పైపైన ఇచ్చేది, రక్తం వచ్చినా బయటి నుంచి అదిమి ఆపొచ్చు, అందుకే దీనికి సాధారణంగా అడ్డు ఉండదు. కానీ స్టెంట్ ఉంది కాబట్టి ఆ మాత్ర ఆపాలా వద్దా అన్నది గుండె డాక్టర్‌ని అడగందే మీరు తేల్చొద్దు. (పుత్తూరు కట్టు కట్టిద్దామని ఎవరైనా అంటే మర్యాదగా వద్దనండి, తుంటికి అది పనికిరాదు.)

బ్లాక్ ఇచ్చిన కాసేపట్లో నోటి చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, నోట్లో ఇనుము రుచి అంటే వెంటనే నర్సుని పిలవండి, మందు రక్తంలోకి ఎక్కువగా వెళ్లిందేమో చూస్తారు, దానికి విరుగుడు ఉంది. ఒక్కసారి ఇచ్చే బ్లాక్ ప్రభావం సుమారు 8 నుంచి 16 గంటలు. మధ్యాహ్నం ఇస్తే అర్ధరాత్రో తెల్లవారుజామునో దిగిపోవచ్చు, ఆ టైమ్‌కి ఏ మందు ఇవ్వాలో, మళ్లీ బ్లాక్ ఇస్తారో లేదో సాయంత్రమే కేస్ షీట్‌లో రాయించుకోండి.