మూడు రంగుల పిల్లి కూన కచ్చితంగా ఆడదేనా?

మీ తెలుపు, నలుపు, ఎరుపు కలిసిన కూనను దూరం నుంచి చూసి పక్కింటావిడ "ఆడది" అని తేల్చేశారని, అదెలా సాధ్యమని అడిగారు. ఆవిడ చెప్పింది దాదాపు ఎప్పుడూ నిజమే అవుతుంది.

మనం ఎర్ర పిల్లి అనే ఆ నారింజ రంగును తెచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగదానికి ఉండేది ఒకే ఎక్స్, అదీ తల్లి నుంచి వచ్చిందే. అందుకని అది ఎర్రగానో నల్లగానో ఉంటుంది గానీ రెండూ కలిసి రావు. ఆడదానికి రెండు ఎక్స్‌లు. ఒకదాని మీద ఎరుపు, ఇంకోదాని మీద నలుపు ఉంటే, పిండం దశలోనే ప్రతి కణం వాటిలో ఒకదాన్ని మూసేస్తుంది. ఏది మూసేస్తుందన్నది పూర్తిగా లాటరీ. ఆ కణం నుంచి వచ్చినవన్నీ అదే దారిలో పోతాయి, అందుకే మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. తెలుపు వేరే జన్యువు పని, దానికి ఆడా మగా తేడా లేదు.

ఈ లాటరీ ఎంత నిజమంటే, 2001 డిసెంబరులో అమెరికాలోని టెక్సస్‌లో మూడు రంగుల పిల్లిని క్లోనింగ్ చేస్తే (అంటే దాని కణం నుంచి అవే జన్యువులతో నకలు తీస్తే), పుట్టిన కూన మీద ఎర్ర మచ్చ ఒక్కటీ లేదు!

మూడు రంగుల మగపిల్లులు అసలు ఉండవని కాదు. సుమారు 3,000లో ఒకటి ఉంటుందంటారు. వాటికి సాధారణంగా ఒక ఎక్స్ అదనంగా ఉంటుంది, చాలావాటికి పిల్లలు పుట్టవు.

నాకు ఇదంతా మా ఇంటి అటక నేర్పింది. ఒక మూడు రంగుల పిల్లి అక్కడ ఈనింది. ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా, ఇది మాత్రం మా అటక వదల్లేదు. నాలుగు కూనలు. పూర్తిగా ఎర్రగా ఉన్నదానికి రాజు అని పేరు పెట్టాం. ఎర్రవాటిలో ఎక్కువ మగవే కాబట్టి పందెం సేఫ్ అనుకున్నా. ఆపరేషన్‌కి తీసుకెళ్తే డాక్టర్ నవ్వి, "ఇది రాణి అండీ" అన్నారు.

ఆడపిల్లి పూర్తిగా ఎర్రగా ఉండాలంటే రెండు ఎక్స్‌ల మీదా ఎరుపే ఉండాలి, అంటే తండ్రి కూడా ఎర్రదే. సందు చివర తిరిగే ఎర్ర గండుపిల్లి మీదే అందరి అనుమానం. కానీ అదే ఈతలో ఒక నల్ల కూన కూడా ఆడదే అని తేలింది. పాదాలు, పొట్ట, చెవుల వెనక ఎర్ర వెంట్రుక ఒక్కటైనా ఉందేమోనని టార్చి వేసి మరీ వెతికాను, లేదు. తండ్రికున్న ఒక్క ఎక్స్ ప్రతి కూతురికీ వస్తుంది కాబట్టి ఎర్ర తండ్రికి పూర్తి నల్ల కూతురు పుట్టదు. ఒకే ఈతలో ఇద్దరు తండ్రులుండటం పిల్లుల్లో మామూలేనట. ఆ రెండో గండుపిల్లి ఏదో మా వీధిలో ఇప్పటికీ తేలలేదు.