పిల్లల బ్లాక్ భాషలో తప్పు ప్రోగ్రాం కూడా నడవాలి

ప్రశ్న: ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లల కోసం, బ్లాకులు పేర్చి ప్రోగ్రాం రాసే భాషను తయారు చేస్తున్నాను. మొదటి రూపంలో తప్పనిసరిగా ఏముండాలి? పక్కన అదే ప్రోగ్రాంను అక్షరాల్లో రాసే పైథాన్ భాషలో కూడా చూపించాలా?

జవాబు:

రంగుల గురించి, ముద్దొచ్చే బొమ్మల గురించి ఇప్పుడే బుర్ర పాడుచేసుకోకండి. సెలవు రోజుల్లో పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పే దాన్ని కాబట్టి, ఇలాంటి సాధనాలు మంచివీ చెడ్డవీ చాలానే చూశాను. నన్నడిగితే మీ భాషకు ముందుగా కావలసిన గుణం ఒక్కటే. పిల్లవాడు రాసిన తప్పు ప్రోగ్రాం కూడా చివరిదాకా నడవాలి, నడుస్తూ ఆ తప్పును కళ్లకు కట్టాలి.

బ్లాకులతో తప్పులే రావని చాలామంది అనుకుంటారు. కామా మరిచిపోవడం, బ్రాకెట్ మూయకపోవడం లాంటివి రావు, నిజమే. పిల్లలు ఎక్కువగా వాడే బ్లాక్ భాష స్క్రాచ్‌లో అంకెలిచ్చే బ్లాకు చివరలు గుండ్రంగా, అవును కాదు అని తేల్చే బ్లాకు చివరలు కోణాలుగా ఉంటాయి. ‘ఎప్పటికీ’ తిరిగే బ్లాకు అడుగు చదునుగా ఉంటుంది కాబట్టి దాని కింద ఇంకేదీ అతకదు. నియమం ఆకారంలోనే ఉంది, ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ పని స్క్రాచ్ వచ్చిన 2007లోనే అయిపోయింది, మీరు కొత్తగా కనిపెట్టేదేమీ లేదు. ఇక మిగిలేవి ఆలోచనలోని తప్పులు. నేర్చుకునేదంతా వాటిలోనే ఉంటుంది.

నా దగ్గరికి వచ్చే పదకొండేళ్ల అమ్మాయి ఒకరోజు చతురస్రం గీసింది. నాలుగుసార్లు, 100 అడుగులు ముందుకు, 90 డిగ్రీలు తిరుగు. తర్వాత త్రిభుజం గీస్తానంది. సమబాహు త్రిభుజంలో ప్రతి కోణం 60 డిగ్రీలని బడిలో చదువుకుంది కదా, 4 తీసి 3, 90 తీసి 60 పెట్టింది. మూడు గీతలు వచ్చాయి గానీ కలుసుకోలేదు, ఒక పక్క నోరు తెరుచుకుని ఉండిపోయాయి. అంతకుముందు ఆమె వాడిన ఒక యాప్‌లో అయితే ఇంటూ గుర్తు పడేది, ఏడుపు శబ్దం వచ్చేది, బొమ్మ మొదటికి వెళ్లిపోయేది. తను సూచన బటన్ నొక్కేది. ఇక్కడ ఆ మూడు గీతలు తెర మీద అలాగే ఉన్నాయి. కాసేపు వాటినే చూసి, “ఇంకొన్ని గీతలు పడితే మూసుకుంటుందేమో టీచర్” అంటూ 3ను 6 చేసింది. షడ్భుజి వచ్చింది. “తేనెపట్టులో గది!” అని అరిచింది.

లేచి త్రిభుజం మీద నడవమన్నాను. నాలుగు అడుగులు వేసి మూల దగ్గర ఆగింది. 60 డిగ్రీలు తిరిగి చూస్తే ఇంకా దాదాపు ముందువైపే ఉంది. బయలుదేరిన చోటు వెనక ఎక్కడో ఉంది. అటు చూపు పడేదాకా పాదాలు కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ పోయింది. “60 లోపల ఉంది టీచర్, నేను బయట తిరుగుతున్నాను” అంది. 180లోంచి 60 తీసేయడం తర్వాతి మాట, అది తనే చేసుకుంది. ఆ తర్వాత నన్ను పట్టించుకోవడం మానేసింది. 5 పెట్టి, తిరిగే కోణం పెంచుకుంటూ పోయింది. 150 దగ్గర నక్షత్రం లాంటిది వచ్చింది గానీ చివర అతకలేదు. ఒక్కో అంకె తగ్గించుకుంటూ వచ్చి 144 దగ్గర ఆగింది. ఐదు 144లు 720, అంటే రెండు పూర్తి చుట్లు. అది మాత్రం నేనే చెప్పాల్సి వచ్చింది.

‘తప్పు’ అని తేల్చి ఆపేసే భాషలో ఆ షడ్భుజీ ఉండదు, నక్షత్రమూ ఉండదు. 1967లో పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాషను తయారుచేసిన సీమోర్ పేపర్ట్, సింథియా సోలమన్, వాలీ ఫోయర్‌జైగ్‌ల బృందం తర్వాత దానికి, చెప్పినట్టు కదులుతూ గీతలు గీసే ఒక తాబేలును జోడించింది. పిల్లవాడు తనే ఆ తాబేలైపోయి నడిచి చూసుకోవచ్చు. మీరు తెర మీద పెట్టే బొమ్మ దేనిదైనా సరే, దానికి ముందు వెనక ఉండాలి, ఎటు చూస్తోందో తెలియాలి. గుండ్రటి బంతిని పెట్టకండి.

నడవడం ఒక్కటే చాలదు, ఏం జరుగుతోందో కనిపించాలి. స్క్రాచ్ మీద నా ఫిర్యాదు ఇక్కడే. ఎనిమిది అంశాల జాబితాలో పదో అంశం అడిగితే అది ఖాళీని ఇచ్చి, ఏమీ జరగనట్టు ముందుకు సాగిపోతుంది. 120 డిగ్రీలు తిరగమంటే బొమ్మ క్షణంలో తిరిగేసి ఉంటుంది, తిరగడాన్ని కన్ను పట్టుకోలేదు. స్క్రాచ్ పాత రూపం 1.4లో ఒక్కో బ్లాకును వెలిగిస్తూ నెమ్మదిగా నడిపే సదుపాయం ఉండేది. 2013లో వచ్చిన 2.0లో అది లేదు. ఎందుకు తీసేశారో నాకు ఇప్పటికీ మింగుడు పడదు. మీరు మాత్రం వేగం తగ్గించే మీటను తెర మీదే, కనిపించేచోట పెట్టండి. తిరిగేటప్పుడు బొమ్మ చుట్టూ చాపం గీయించండి.

ఇంకో మాట, బహుమతిగా ఇచ్చే నక్షత్రాలు, నాణేలు, ‘శభాష్’ అని అరిచే గొంతులు వద్దు. అవి పెట్టిన మరుక్షణం పిల్లలు ప్రోగ్రాం రాయడం మాని నాణేల లెక్కలో పడతారు. మూడు బ్లాకులకు మించితే ఒక నక్షత్రం కోసేసే యాప్ ఒకటి చూశాను. పొడవుగా రాసి, తర్వాత అందులో మళ్లీ మళ్లీ వచ్చేదాన్ని గమనించినప్పుడే కదా ‘పునరావృతం’ ఎందుకో తెలిసేది! ఆ యాప్ అరటిపండు ఒలిచి చేతిలో పెట్టి, తినడం నేర్పాననుకుంటోంది.

చిన్న విషయాలు కొన్ని. ఎనిమిదేళ్ల వాళ్లకు రుణ సంఖ్యలు తెలియవు. స్క్రాచ్ వేదిక 480కి 360, సున్నా మధ్యలో ఉంటుంది కాబట్టి ఎడమకు జరిగితే మైనస్ వచ్చేస్తుంది. మరీ చిన్నపిల్లల కోసం చేసిన స్క్రాచ్ జూనియర్‌లో లాగా గడులు పెట్టండి. పేర్చిన వరుస మధ్యలోంచి ఒక బ్లాకును లాగితే కిందవన్నీ దానితో ఊడి వస్తాయి. ఒక్కదాన్నే తీయాలనుకున్న పిల్లలు బిక్కమొహం వేస్తారు. దీనికి మీరు దారి చూపిస్తే అదే పెద్ద మేలు. బ్లాకులు లాగి అతికించే యంత్రాంగాన్ని మాత్రం మొదటినుంచి రాయకండి. దానికి గూగుల్‌లో పుట్టిన బ్లాక్లీ ఉచితంగా ఉంది, స్క్రాచ్ 3.0 బ్లాకులు కూడా దాని మీద కట్టినవే.

ఇక పైథాన్ సంగతి. పక్కన చూపించకండి. ఉన్న కొద్ది తెరలో సగం పోతుంది, పిల్లలు అటు కన్నెత్తి కూడా చూడరు. అది అడిగేది తల్లిదండ్రులు. “మావాడు నిజమైన కోడింగ్‌లోకి ఎప్పుడు వెళ్తాడు?” అని ప్రతివారం ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. షరతులు, చరరాశులు, ఒకేసారి నడిచే రెండు వరుసలు వాడే పిల్లవాడు ఇప్పుడు చేస్తున్నది నిజమైనది కాదట! వాళ్ల తృప్తి కోసం మెనూలో ఎక్కడో లోపల ‘పైథాన్‌లో చూడండి’ అని ఒక బటన్ పెట్టండి. ఒకసారి నొక్కి చూసి, తలూపి, మూసేస్తారు.